దేనికీ ఆగని మౌంటు

చీకటంటే నాకు భయం, చుక్కలంటే ప్రాణం. ఈ రెండూ ఒకే ఒంట్లో పెట్టి పంపించాడు బ్రహ్మ. అనకాపల్లిలో మా టీవీ రిపేరు కొట్టు పైన డాబా ఉంది. ఏళ్ళ తరబడి అక్కడే టెలిస్కోపు పెట్టుకుని ఆకాశానికి ఫొటోలు తీస్తున్నాను. అక్కడ భయం లేదు. పక్కింటి సీరియలు వినిపిస్తూ ఉంటుంది, ఎదురుగా ఫంక్షన్ హాలు, అది దాటితే హైవే లైట్లు. కానీ అంత వెలుగులో చుక్కలేం కనిపిస్తాయి? పెళ్ళిళ్ళ సీజనులో అయితే చంద్రుణ్ణి కూడా వెతుక్కోవాలి.

అందుకని ఎప్పట్నుంచో ఒక ఆశ. టెలిస్కోపు ఎక్కడో చీకటి ఊళ్ళో ఉండాలి. నేను ఇంట్లో లైటు వేసుకుని, దుప్పటి కప్పుకుని, ఫోన్లోంచి దాన్ని నడపాలి. పొద్దు గూకేసరికి అది దానంతటదే లేవాలి, తెల్లవార్లూ ఫొటోలు తీయాలి, తెల్లారితే పడుకోవాలి. ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు. పిరికివాడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకోటి లేదు.

చోటు కూడా దొరికింది. మా ఆవిడ పుట్టిల్లు గొలుగొండ దాటాక కొండ కింద ఊళ్ళో. అక్కడ వాళ్ళన్న నూకరాజు చెరకు వేస్తాడు, బెల్లానికి సొంత గానుగ ఉంది. "డాబా మీద సిమెంటు దిమ్మ కట్టిత్తాను, నీ గొట్టం తెచ్చెట్టుకో బావా" అన్నాడు. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ దిమ్మ మీద ఏ మౌంటు పెట్టాలి?

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. టెలిస్కోపు కన్నయితే మౌంటు మెడ. చుక్కలు తూర్పు నుంచి పడమరకి జరిగిపోతుంటాయి కదా, వాటి వెనకాలే అంత నెమ్మదిగానూ గొట్టాన్ని తిప్పేది ఇదే. మెడ వణికితే కన్నెంత మంచిదైనా దండగే. నా దగ్గర పాత మౌంటు ఒకటుంది. దానికి ఒక పక్క గొట్టం, రెండో పక్క ఇనుప కడ్డీకి గుచ్చిన బరువులు. తక్కెడలా రెండు పక్కలా తూగితేనే తిరుగుతుంది. మోయాలంటే నడుం పడిపోతుంది. విశాఖలో ఉన్న నా స్నేహితుడు, పళ్ళ డాక్టరు, కొత్తరకం మౌంటు కొన్నాడు. బరువులు లేవు, కడ్డీ లేదు, సంకలో పెట్టుకుని పోవచ్చు.

"ఈ కాలంలో ఇంకా బరువులేంటండీ? నాది తీసుకెళ్ళి చూడండి, నచ్చితే ఇలాంటిదే కొనుక్కోండి. దూరం నుంచి నడిపేవాడికి ఇదే కావాలి. గాలేసినా, వైరు తట్టుకున్నా, దేనికీ ఆగదు" అన్నాడు.

దేనికీ ఆగదు. ఆ మాట నాకు భలే నచ్చింది. రెండూ వేసుకుని, అక్కడే పెట్టి చూసి తేల్చుకుందామని బయల్దేరాను.

అనకాపల్లి: దేముడి మీద భారం

అద్దెకి మాట్లాడుకున్న కారు డ్రైవరు పేరు దేముడు. భారం దేముడి మీద వేసి వెళ్ళాను అంటే మా ఆవిడ నవ్వింది గాని, నాకు నవ్వు రాలేదు. కొండ కింద ఎలుగుబంట్లు దిగుతాయంటారు, పాములు సరేసరి. అక్కడ చీకటి మా ఊరి చీకటిలాంటిది కాదు, మీద చెయ్యి వేస్తుంది.

"మా అమ్మ ఒక్కద్దీ ఆ డాబా మీదే పడుకునేది ఎండాకాలం. నువ్వు మూడు రాత్రులుండలేవేటి?" అంది మా ఆవిడ.

ఉండగలనని చెప్పాను. డిక్కీలో బరువులు, వెనక సీట్లో గొట్టం, నా ఒళ్ళో డాక్టరుగారి మౌంటు పెట్టుకుని కూర్చున్నాను.

రావికమతం: టీ బల్ల

చోడవరం దాటాక రోడ్డు గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. ఒక్కొక్క గోతికీ ఒళ్ళోని మౌంటు ఎగిరి నా గెడ్డాన్ని ముద్దెట్టుకుంది. రావికమతం వచ్చేసరికి దేముడే జాలిపడి ఆపాడు. రోడ్డు పక్క ఒకావిడ టీ పెడుతోంది, పక్కనే డేగిసాలో కందికాయలు ఉడుకుతున్నాయి. ఉప్పు వేసి ఉడికించిన కందికాయలు చలికాలంలో తినకపోతే ఇటువైపు పుట్టడం దండగ. మా ఊళ్ళో కాగితం పొట్లంలో కొలిచి ఇస్తారు. ఈవిడ ఇరవై రూపాయలకి నా తువ్వాలు పరిపించి దోసిళ్ళతో పోసింది.

ఆవిడ కన్ను వెనక సీట్లోని పెట్టె మీద పడింది.

"ఏటి బాబూ అది, అంత పొడుగున్నాది?"

"సుక్కలికి ఫొటోలు తీసే మిషనంట" అన్నాడు దేముడు.

ఆవిడ టీ వడపోయడం ఆపింది. "సుక్కలికి ఫొటో ఎందుకు బాబూ? పోయినోల్లకి కదా ఫొటో కట్టిత్తారు."

ఆవిడ మామూలుగానే అంది. నా గొంతులో మాత్రం కందిగింజ అడ్డం పడింది. బయల్దేరిన పూటే ఆ మాట ఎందుకు వినాలి చెప్పండి. నేను శకునాలు నమ్మను, కాకపోతే విన్న ప్రతిదీ గుర్తుంచుకుంటాను. దేముడు ఇంకో టీ తాగుతానంటే వద్దని బయల్దేరదీశాను.

నర్సీపట్నం దాటాక చెక్‌పోస్టులో కానిస్టేబులు డిక్కీ తెరిపించాడు. గుండ్రటి ఇనుప బరువులు చూసి "జిమ్మెడతన్నారేటి?" అన్నాడు. గొట్టం తీసి చూపించి వివరించాను. పగటిపూట దాంట్లోంచి కొండ మీద చెట్టు చూపిస్తే పావుగంట వదల్లేదు. నేనేమో ఏ తప్పూ చెయ్యకుండానే చెమటలు కక్కుతూ నిలబడ్డాను. నన్ను చూస్తే ఎవరికైనా అనుమానం రావాల్సిందే.

కొండ కింద

ఊరు చేరేసరికి గానుగ దగ్గర పాకం దించుతున్నారు. నూకరాజు కాళ్ళకి నీళ్ళు కూడా ఇవ్వకుండా ముందు నన్ను అక్కడికే లాక్కెళ్ళాడు. ఇంజను మోతలో మనిషి మాట మనిషికి వినపడదు. ఆకులో వేడి పాకం పోసి, కొబ్బరి ముక్క ముంచి చేతిలో పెట్టాడు. బెల్లం ఊళ్ళో పుట్టి బెల్లం వాసనలో పెరిగినవాణ్ణి, అయినా మా మార్కెట్లో దిమ్మలుగా చూడటమే గాని ఇలా పొయ్యి మీంచి దిగినదాన్ని తినడం తక్కువ. నాలిక కాలింది, అయినా ఆగలేదు.

ఇంటి దగ్గర మా అత్త వరహాలమ్మ ఎదురొచ్చింది. ఆవిడ పాతకాలం మనిషి. మా వీధిలో అత్తాఅల్లుళ్ళు ఒకే సోఫాలో కూర్చుని క్రికెట్ చూస్తారు. ఈవిడ నన్ను చూస్తే ఇప్పటికీ కొంగు తలమీదకి లాక్కుని గోడతో మాట్లాడుతుంది.

"అల్లుడుగోరు సిక్కిపోనారు" అంది గోడతో.

గోడ ఏమీ అనలేదు కనుక నేనే "బాగానే ఉన్నానత్తా" అన్నాను.

మా అత్త కుడిచేతికి మూడే వేళ్ళు. చిటికెన వేలూ, దాని పక్కదీ గానుగలో పోయాయి. పెళ్ళయిన కొత్తలో చెరకు గెడలు అందిస్తుంటే రోలరు లాగేసిందట. ఆవిడ చెప్పే కారణం వేరు. ప్రతి ఏడూ గానుగ మొదలెట్టేముందు పసుపు రాసిన దారం పేటలు వేసి, తోరంలా మిషనుకి కడతారు, నిమ్మకాయ కోస్తారు. ఆ ఏడు హడావుడిలో కట్టలేదు. "కట్టలేదు, తీసుకున్నాది" అంటుంది, అంతే. అప్పట్నుంచి ఆ ఇంట్లో మోటారు కొన్నా, ట్రాక్టరు కొన్నా, మిక్సీ కొన్నా ఆవిడ చేత్తో తోరం పడాల్సిందే. సీజను ఉన్నన్నాళ్ళూ గానుగకి పొద్దు గూకే వేళ కొత్తది కడుతుంది.

ఆ సాయంత్రం దిమ్మ మీద నా పాత మౌంటు బిగించాం. బరువులు ఎక్కించి, గొట్టం ఎక్కించి, తూకం చూసుకునేసరికి ఇత్తడి పళ్ళెంతో మా అత్త మెట్లెక్కి వచ్చింది. మౌంటు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, బరువులున్న కడ్డీకి తోరం కట్టింది. మూడు వేళ్ళతో ముడి పడటానికి చాలాసేపు పట్టింది. నూకరాజు సాయం చెయ్యబోతే మోచేత్తో తోసేసింది. తోరం వల్ల తూకం ఏమీ చెడలేదు. నేనూ మనసులో ఒక దణ్ణం పెట్టుకున్నాను, ఎవరి రక్షణ అయితేనేం.

ఆ తర్వాత చీకటి పడింది. ఏం చెప్పను, కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకటే. తల ఎత్తితే మాత్రం ఆకాశం నిండా చుక్కలు, మేడ మీద ఆరబోసిన నూకల్లా. కాసేపు నా భయం నేను మర్చిపోయాను. చీకటికి అలవాటుపడ్డ కన్ను చెడకుండా నేను నుదుటికి ఎర్రలైటు కట్టుకుంటాను.

"ఏటి బావా, కొరివిదెయ్యంలాగున్నావు. ఊళ్ళో ఎవులైనా సూత్తే జొరమొచ్చేత్తాది" అన్నాడు నూకరాజు.

అప్పుడే డాబా కింద చెరకుతోటలో గెడలు కదిలిన చప్పుడయింది. పంది అన్నాడు నూకరాజు. ఆ మాట పూర్తయ్యేసరికి నేను వంటింట్లో ఉన్నాను. మా అత్త గోడకేసి తిరిగి నవ్వుకుంది. ఆ రాత్రి మళ్ళీ పైకి వెళ్ళలేదు, మిషను దాని మానాన అది ఫొటోలు తీసుకుంది. పొద్దున్న చూస్తే చుక్కలు గుండ్రంగా లేవు, కోడిగుడ్లలా కొంచెం సాగి ఉన్నాయి. పాత మౌంటు పళ్ళచక్రాలు అరిగాయి, అందుకే ఆ వణుకు.

రెండో సాయంత్రం

మర్నాడు పాతదాన్ని దించి డాక్టరుగారి మౌంటు ఎక్కించాను. వైర్లు, కంప్యూటరు, కెమెరా అన్నీ మళ్ళీ సర్దుకోవడంతోనే పొద్దు పోయింది. మా అత్త పళ్ళెంతో వచ్చి మెట్టు మీద నిలబడింది. నేను స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుని ఉన్నాను.

"దీనికి కడ్డీ లేదత్తా, కట్టడానికి చోటే లేదు. రేపు చూద్దాంలే" అన్నాను.

ఆవిడ పళ్ళెంతో కిందికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఫొటోలు మంచం మీద కూర్చుని ఫోన్లో చూసుకున్నాను. ఒక్కొక్క చుక్క సూదిమొనలా ఉంది. ఇన్నేళ్ళుగా మా డాబా మీద మసకగా తప్ప దొరకని, చుక్కల మధ్య గుర్రపు తలలా ఉండే ధూళిమబ్బు, చెవులతో సహా కనబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకేం చూడాలి? డాక్టరుగారికి అక్కణ్ణుంచే మెసేజి పెట్టాను, ఇదే కొంటున్నానని.

భోజనాల దగ్గర నాటుకోడి పులుసు వడ్డిస్తూ మా అత్త గోడని అడిగింది. "ఆ కొత్త మిషను, సెయ్యెడితే ఆగుతాదా?"

డాక్టరుగారి మాటే నా నోట్లోంచి వచ్చేసింది. "ఆగదత్తా! దేనికీ ఆగదు. అదే దాని గొప్ప."

గరిటె గిన్నెలో ఆగిపోయింది. "మా గానుగా ఆగలేదు" అంది మెల్లగా. నూకరాజు తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. నాకు ఏదో గుచ్చుకుంది, కానీ చుక్కలు గుండ్రంగా వచ్చిన సంతోషంలో ఉన్నవాణ్ణి, ఇంకో ముక్క వేయించుకుని తినేశాను.

నర్సీపట్నం: ఫోన్లో డాబా

మూడో రోజు అసలు పరీక్ష. దూరంగా వెళ్ళిపోయి, మనిషి లేకుండా మిషను దానంతటది పని చేస్తుందో లేదో చూడాలి. పొద్దు గూకగానే అది లేచేలా సమయం పెట్టాను. చీకటి పూర్తిగా పడకముందే గొట్టం పైకెత్తుకుని, ఆకాశం బూడిదరంగులో ఉండగా, దుమ్ము మచ్చలు తర్వాత తీసెయ్యడానికి కొన్ని ఫొటోలు తీసుకోవాలి, ఆ తర్వాత చుక్కల పని. డాబా మూల ఒక చిన్న సీసీ కెమెరా బిగించాను, జరిగేది చూడటానికి. దేముడితో నర్సీపట్నం వచ్చి ఒక టిఫిన్ హోటల్లో కూర్చున్నాను. పెసరట్టు చెప్పాను. మా ఊళ్ళోలా ఉప్మా అడక్కుండానే లోపల పెట్టెయ్యరు ఇక్కడ, వేరే గిన్నెలో ఇస్తారు. లైట్లు, జనం, బస్సుల హారన్లు. మూడు రోజుల్లో మొదటిసారి ప్రాణం కుదుటపడింది.

ఫోన్లో డాబా కనబడుతోంది. ఆకాశం ఎర్రబడింది. గొట్టం తల వంచుకుని పడుకుని ఉంది.

మెట్ల మీంచి ఒక తల పైకి వచ్చింది. కొంగు, తర్వాత చెయ్యి, చేతిలో ఇత్తడి పళ్ళెం.

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే గడియారం చూసుకున్నాను. నోట్లో పెసరట్టు మట్టిలా అయిపోయింది. మిషను లేచే వేళ అదే.

మా అత్త మౌంటు చుట్టూ తిరిగింది. కట్టడానికి కడ్డీ లేదు. నేనే చెప్పాను కదా, చోటు లేదని. ఆవిడ ఒప్పుకునే రకం కాదు. ముందు రోజు కట్టలేదన్న బెంగ కూడా ఉండి ఉంటుంది. పళ్ళెం గోడ మీద పెట్టి, దారాన్ని దిమ్మ చుట్టూ తిప్పి, గొట్టం మీదుగా తెచ్చి, కదిలేదాన్నీ కదలనిదాన్నీ కలిపి కట్టడం మొదలెట్టింది. ముడి వెయ్యడానికి ఆ మూడు వేళ్ళ చెయ్యి దారం కిందికి పోనిచ్చింది.

యాప్‌లో ఆపమని నొక్కాను. తెర మీద చక్రం గుండ్రంగా తిరుగుతోంది, తిరుగుతోంది, అంతే. మళ్ళీ నొక్కాను. నూకరాజుకి ఫోను చేశాను. గానుగ దగ్గర ఉంటాడు, ఆ ఇంజను మోతలో పిడుగు పడినా వినపడదు. అత్త ఫోనుకి చేశాను. అది వంటింటి గూట్లో ఛార్జింగులో ఉంటుంది ఎప్పుడూ. ఫోన్లో బొమ్మ కేసి "ఆగత్తా! చెయ్యి తియ్!" అని అరిచాను. హోటలంతా నాకేసి తిరిగింది.

గొట్టం తల ఎత్తడం కనబడింది. మా అత్త చెయ్యి ఇంకా లోపలే ఉంది. బొమ్మ అక్కడితో బిగుసుకుపోయింది. నెట్ పోయింది.

"దేముడూ! దేముడూ!" అని కేకలేస్తూ బయటికి పరిగెత్తాను. హోటల్లోవాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటున్నాననుకుని ఉంటారు. తలుచుకోలేదని కూడా చెప్పలేను.

చీకటి రోడ్డు

ఆ దారి నాకు సరిగా గుర్తు లేదు. దేముడు ఏమీ అడగలేదు, తొక్కాడు. గోతులు, చెరకు ట్రాక్టర్లు, ఒకచోట గేదెలు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని నూకరాజు నెంబరు కొడుతూనే ఉన్నాను. కళ్ళముందు మాత్రం ఒకటే బొమ్మ. దారం బిగిసి మణికట్టుని లాగుతోంది, అవతల సిమెంటు దిమ్మ. ఒకసారి గానుగకి రెండు వేళ్ళిచ్చిన చెయ్యి అది. మిగిలిన మూడూ నా చుక్కలకి ఇచ్చెయ్యాలా? మా ఆవిడకి ఏమని చెప్పను? గుండ్రంగా వచ్చాయని చెప్పనా?

దేనికీ ఆగదు. దేనికీ ఆగదు. ఆ మాట నేనే అన్నాను, భోజనాల దగ్గర, నాటుకోడి తింటూ.

కారు ఊళ్ళోకి మళ్ళకుండా ట్రాక్టరు అడ్డంగా ఉంది. దిగి చెరకుతోట గట్టు మీంచి పడుతూ లేస్తూ పరిగెత్తాను. చేతిలో లైటు లేదు. పందో పామో ఏదో కాళ్ళ దగ్గర జరజరా పోయింది కూడా. చీకటి పడిందన్న సంగతి నాకు ఇంటి మెట్ల దగ్గర గోడకి తల కొట్టుకున్నాక గాని తెలియలేదు.

డాబా మీద

మా అత్త పై మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన పళ్ళెం, దాంట్లో సగానికి కోసిన నిమ్మకాయ, తెగిన పసుపుదారం. నేను ఆవిడ ముందు కూలబడి, అడక్కుండానే చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పట్టుకోలేదు. మణికట్టు చుట్టూ ఎర్రగా వాత తేలింది, రెండు గాజులు చిట్లాయి, గాజు గీసుకున్న చోట కొంచెం రక్తం. వేళ్ళు మూడూ ఉన్నాయి. ఒక్కొక్కటీ తడిమి చూశాను.

"ఎలా బయటికొచ్చింది అత్తా చెయ్యి?" అన్నాను.

ఈసారి ఆవిడ గోడకేసి చూడలేదు, నా మొహంలోకే చూసింది. "మీరన్నారు కదా బాబూ, దేనికీ ఆగదని. అందుకే నిమ్మకాయ కోసీసిన కత్తి ఎడంసేతిలోనే అట్టుకున్నాను. లాగీగానే కోసీసేను."

నేను మెట్టు మీద కూర్చుని ఏడ్చేశాను. సిగ్గెందుకు, గట్టిగానే ఏడ్చాను. గానుగ ఆపి నూకరాజు పరిగెత్తుకొచ్చేసరికి అల్లుడు ఏడుస్తున్నాడు, అత్త కొంగుతో వాడి నుదుటి మీద బొప్పి అదుముతోంది.

మా వెనక మౌంటు తన పని తాను చేసుకుంటోంది. పడమటి చుక్కలు వదిలి తూర్పు చుక్కల్లోకి గొట్టాన్ని మెత్తగా తిప్పింది. ఆ రాత్రి అది తీసిన ఫొటోలు తర్వాత చూశాను. మచ్చ లేదు. ఒక మనిషి చెయ్యి తనకి తగిలిందని ఆ మిషనుకి తెలియనే తెలియదు. లేచి వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

మర్నాడు పొద్దున్న ఫోనులో డాక్టరుగారు బాధపడ్డాడు. మరీ గట్టిగా అడ్డుపడితే ఎక్కడో ఒకచోట ఆగుతుందండీ అన్నాడు. నిజమే అయ్యుంటుంది. ఆ 'ఎక్కడో' అన్నది ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఎవరి చెయ్యి పెట్టి చూడాలి?

పాత మౌంటు మళ్ళీ దిమ్మెక్కింది. దానికి క్లచ్చులున్నాయి. సైకిలు బ్రేకు బిగించినట్టు కావల్సినంతే బిగించుకోవచ్చు. అడ్డం తగిలితే లోపల మోటారు తిరుగుతూనే ఉంటుంది గాని పైన కడ్డీ జారి నిలబడిపోతుంది. నిలబడాలి. ఇన్నాళ్ళూ అది లోపమనుకుని క్లచ్చు బిర్రుగా బిగించి వాడాను. ఆ పొద్దున్న కొంచెం కొంచెం వదులు చేసుకుంటూ వచ్చాను. ఇక చూడాల్సింది ఒకటే.

"బొంగు ముక్కెట్టి సూద్దాం బావా" అన్నాడు నూకరాజు.

ముందు బొంగు పెట్టాం. కడ్డీ వచ్చి తగిలి నిలబడింది. అయినా నాకు నమ్మకం చిక్కలేదు. బొంగుకి నొప్పుందా? మెట్ల మీద మా అత్త చూస్తోంది. కళ్ళు గట్టిగా మూసుకుని నా కుడిచెయ్యి కడ్డీకి అడ్డం పెట్టి, నూకరాజుని బటన్ నొక్కమన్నాను. మోటారు గుయ్యిమంది. చల్లటి ఇనుము అరచేతికి ఆనింది. నెట్టింది. ఇంకొంచెం నెట్టింది. నూకాలమ్మ తల్లికి పదో మొక్కు మొక్కుతుండగా కిర్రుమని జారింది. కళ్ళు తెరిచాను. చెయ్యి చేతిలాగే ఉంది.

మా అత్త వచ్చి నన్ను పక్కకి జరిపి, తన చెయ్యి పెట్టింది. నేను వద్దనేలోగా నూకరాజు నొక్కేశాడు. కడ్డీ ఆ మూడు వేళ్ళ దాకా వచ్చి, ఆనుకుని, నిలబడిపోయింది. ఆవిడ చెయ్యి తియ్యకుండా అలాగే ఉంచి, చాలాసేపు దాన్ని చూసింది.

"ఆగినాది" అంది.

మళ్ళీ అనకాపల్లి

ఇప్పుడు నా టెలిస్కోపు కొండ కింద ఉంది, నేను కొట్టు పైన గదిలో లైటు వేసుకుని ఉంటున్నాను. అనుకున్నట్టే అయింది, ఒక్కటి తప్ప. నా చుక్కలు కోడిగుడ్లలాగే ఉంటున్నాయి. ఫొటోలు పంచుకునే గ్రూపులో కుర్రవాళ్ళు మౌంటు మార్చండి అంకుల్ అంటున్నారు. క్లచ్చు జారిన రాత్రి అది ఎటు చూస్తోందో కూడా మర్చిపోతుంది, మళ్ళీ చుక్కలు చూసి దారి వెతుక్కోవాలి. పోనీ, వెతుక్కోనీ.

ఇంకొకటి. మిషను దానంతటది లేవడం మానిపించాను. పొద్దు గూకే వేళ మా అత్త పైకెళ్ళి బరువుల కడ్డీకి తోరం కడుతుంది. కిందికి దిగి వంటింటి గూట్లోంచి ఫోను తీసి నాకు చేస్తుంది. "కట్టీసేను బాబూ. తిప్పుకోండి." అప్పుడు నొక్కుతాను. దీన్ని ఆటోమేటిక్ అంటారా అని డాక్టరుగారు ఎకసెక్కం చేశాడు. అనకపోతే మానె.

మొన్న ఒక సాయంత్రం ఫోను రాలేదు. చీకటి పడింది. నేను ఎన్నాళ్ళుగానో కాచుకున్న తోకచుక్క, కొండ వెనక్కి దిగిపోయేలోగా కాసేపే కనబడుతుంది. నూకరాజు ఫోను ఎత్తలేదు. సీసీ కెమెరాకి మంచు పట్టి ఏమీ తెలియడం లేదు. ఫోన్లో బటన్ వెలుగుతోంది, నా బొటనవేలు దాని మీద ఉంది. ఆగుతుందని తెలుసు. నా చేత్తో చూశాను, ఆవిడ చేత్తో చూశాను. అయినా నొక్కలేదు. గదినిండా లైట్లు వెలుగుతుంటే చెమటలు పట్టి కూర్చున్నాను. తోకచుక్క కొండ వెనక్కి దిగిపోయింది.

ఆ తర్వాత ఫోను మోగింది.

"పసుపు అయిపోనాది బాబూ, కొట్టుకెల్లి తెచ్చేను, ఆలీసమైపోనాది. ఇప్పుడే కట్టేను. మీరు తిప్పీలేదు కదా?"

"లేదత్తా."

"తెల్సు" అంది మా అత్త. "ఇప్పుడు తిప్పుకోండి."